రెండో గిన్నె

పాల సంఘం మేనేజరు ఖాతాలోకి ఎవరో చొరబడాలని చూస్తున్నారు. లాగిన్ ప్రయత్నాలన్నీ రాసిపెట్టే సర్వర్ లాగ్ నిండా అదే వరస. రోజూ సరిగ్గా నాలుగింటికి, మా గదిలోని కంప్యూటర్ నుంచే, మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్.

మూడింటికి నేను ఇంటికి పోతాను. ఆ తర్వాత గదిలో ఉండేది నాతో పనిచేసే జుల్మా ఒక్కతే.

పన్నెండేళ్లుగా ఇద్దరం ఒకే గిన్నెలో, ఒకే గొట్టంతో మాతే తాగుతున్నాం. ఉరుగ్వేలోని మా పైసందూలో ఆ కషాయం నమ్మినవాళ్లతో అలాగే తాగుతారు. లాగ్ చూశాక, ఆ సోమవారం నేను వేరే గిన్నె తెచ్చుకున్నాను.

"ఏం అబ్బాయ్, నాకేమన్నా అంటురోగమా?" అంది.

"నాకే జలుబు చేసింది" అన్నాను.

శుక్రవారం రెండింటికి ఆమె రాగానే లాగ్ తెరిచి చూపించాను. "సంఘం అధ్యక్షుడికి ఉత్తరం రాసేశాను. పంపేలోపు నువ్వే చెప్పెయ్, జుల్మా."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "ఇది గ్రీనిచ్ టైము. సర్వర్ పెట్టినవాడివి, నీకు తెలీదూ? మన టైము కావాలంటే మూడు గంటలు తీసెయ్."

ఒంటిగంట. అప్పటికి ఆమె రానే రాదు. ఆ వేళకు రోజూ మేనేజరు ఫైళ్లకు నకలు తియ్యమని కంప్యూటర్‌కు అప్పగించింది నేనే. పోయిన నెల పాస్‌వర్డ్ మారితే, అందులో పాతదే వదిలేసిందీ నేనే.

ఉత్తరం చింపేశాను. నా గిన్నె సొరుగులో దాచేశాను.

సోమవారం జుల్మా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. వచ్చి, సంచిలోంచి కొత్త గిన్నె తీసింది. ఒక్కరికి సరిపోయేంత చిన్నది.

"జలుబు చేసింది, అబ్బాయ్" అంది.