గంగరాజు గారి మూడో ఉపన్యాసం

"‘చారిత్రాత్మక’ అన్న మాట నాలుగుసార్లు వచ్చిందండీ," అంది సత్యవాణి కాగితాలు తిరగేస్తూ. "అసలు ‘చారిత్రక’ అనాలి. అదీ ఒక్కసారి చాలు."

"ఉండనీవే. మాట ఎంత పొడుగుంటే చప్పట్లు అంత," అన్నారు ఆమె భర్త గంగరాజు గారు.

1995. సామర్లకోట దగ్గర ఒక చిన్న ఊరు. పంచాయతీ ఎన్నికలకి ఇంకా పది రోజులున్నాయి. పోటీ గట్టిగానే ఉంది. గంగరాజు గారి బెంగ మాత్రం ఓట్ల గురించి కాదు. గెలిచిన రోజు హైస్కూలు ఆవరణలో, మైకు ముందు నిలబడి, ఊరంతా వింటుండగా చదవాల్సిన ఉపన్యాసం గురించి.

అలాంటివి ఇప్పటికే రెండు రాయించారాయన. ఎనభై ఒకటిలో ఒకటి, ఎనభై ఎనిమిదిలో ఒకటి. రెండుసార్లూ భీమరాజు చేతిలో ఓడిపోయారు. చదవని ఉపన్యాసాలు రెండూ ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య భద్రంగా ఉన్నాయి.

"ఆ పాతదాన్నే దులిపి చదివేస్తే పోలా?" అన్నారు గంగరాజు గారి తల్లి రత్నమాణిక్యం గారు, గోంగూర ఒలుస్తూ.

"కుదరదండి అత్తయ్యగారూ. అందులో చేస్తామన్నవన్నీ భీమరాజు గారు చేసేశారు," అంది సత్యవాణి.

గంగరాజు గారు భార్య వంక గుర్రుగా చూశారు. కానీ కలం మూత తీసి మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చారు. ఇంట్లో డిగ్రీ చదివింది ఆవిడొక్కతే. "రాయమంటే రాస్తాను, ఇంటింటికీ తిరగమంటే మాత్రం నా వల్ల కాదు," అని మొదటిరోజే తేల్చి చెప్పేసింది. అందుకే ఈసారి తల్లిని వెంట తిప్పుతున్నారాయన.

"ఓడిపోతే చదవడానికి కూడా ఓ అరపేజీ రాయనా?" అడిగింది సత్యవాణి.

"ఓడినవాడికి మైకెవడిస్తాడే?"

బిందె గుర్తుతో పోస్టర్లు వచ్చాయి. అమ్మ ఫోటో పెద్దది, పక్కన ఆయనది చిన్నది. చిన్నదైనా చేతులు జోడించి నవ్వుతున్నది ఆయనే. ఆవిడ మాత్రం ఫోటో తీసినవాడిని ఎందుకొచ్చావన్నట్టు చూస్తున్నారు.

పొద్దున్నే జీపు బయల్దేరేది. "ఎండలో నన్నెందుకురా ఈ తిప్పడం? గేదెకి పాలు తీసే వేళవుతోంది," అనేవారు రత్నమాణిక్యం గారు.

"నువ్వుంటే జనం కాదనలేరమ్మా. నమస్కారం పెట్టు చాలు. మాటలు నేను చూసుకుంటాను."

చేపలమ్మే పాపాయి జీపుకి అడ్డం నిలబడి, "గెలిచాక మా పేటకి కుళాయి వస్తాదా?" అని నిలదీసింది.

"కుళాయి సరే, ముందు ఆ మురిక్కాలవ..." అని రత్నమాణిక్యం గారు మొదలెట్టేలోగా, "వస్తుంది, వస్తుంది! నమస్కారం పెట్టమ్మా," అన్నారు గంగరాజు గారు. జీపు కదిలింది.

మూడో రోజుకల్లా భీమరాజు తన కోడలు లోవలక్ష్మిని జీపెక్కించాడు.

"చూశావా? మనల్ని చూసి కాపీ కొట్టాడు," అన్నారు గంగరాజు గారు. ఆ కోపంలో ఉపన్యాసానికి ఇంకో పేజీ పెరిగింది. మొత్తం ఏడయ్యాయి.

రోజూ సాయంత్రం పశువుల పాకలో నిలబడి చదివేవారు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో సత్యవాణి ఎర్ర సిరాతో గుర్తులు పెట్టింది. ఎనభై ఒకటి ఓటమి దగ్గర ఒకసారి, ఎనభై ఎనిమిది దగ్గర ఒకసారి తుడుచుకోవాలి. నాలుగో రోజుకి గేదెలు కూడా తలెత్తి చూడడం మానేశాయి.

పోలింగు రోజు మధ్యాహ్నం లెక్కింపు మొదలైంది. గంగరాజు గారు స్కూలు వరండాలో పచార్లు చేస్తూ, జేబులోని కాగితాలు నిమిషానికోసారి తడుముకున్నారు. పద్నాలుగేళ్ళ ఎదురుచూపు. ఈసారి కూడా ట్రంకుపెట్టెలోకే వెళ్తే ఇక రాయించనని సత్యవాణికి మాటిచ్చారు.

నాలుగున్నరకి కిటికీలోంచి ఎవరో అరిచారు. "బిందె గుర్తు! ముప్పై ఎనిమిది ఓట్ల మెజారిటీ!"

టపాకాయలు పేలాయి. దండలు గంగరాజు గారి మెడలో పడ్డాయి, ఒకదాని మీద ఒకటి, చెవులు మునిగేదాకా. భీమరాజు కూడా వచ్చి చెయ్యి కలిపి, "ఇక మీదే ఊరు, ప్రెసిడెంటు గారూ," అన్నాడు. ఆ మాటకి గంగరాజు గారి కళ్ళు, ఎర్ర సిరా గుర్తులేమీ లేకుండానే చెమర్చాయి.

స్కూలు ముందు రెండు బల్లలు కలిపి వేదిక కట్టారు. తల్లిని చెయ్యి పట్టుకుని ఎక్కించి, కుర్చీలో కూర్చోబెట్టారాయన. ఊరంతా నేల మీద సర్దుకుంది. మైకు కుయ్యిమని కూసి, దారికొచ్చింది.

గెలుపు పత్రం అందించడానికి ఎన్నికల అధికారి వేదికెక్కాడు. తుని నుంచి డ్యూటీ మీద ఆ పొద్దున్నే వచ్చిన కుర్రాఫీసరు. ఊళ్ళో ఎవరినీ ఎరగడు. "గెలిచినవారు ఓ రెండు మాటలు మాట్లాడతారు," అన్నాడు.

గంగరాజు గారు దండలు సర్దుకుని లేచారు. ఏడు పేజీలూ విప్పారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. ముందు వరసలో సత్యవాణి కూర్చుని చూస్తోంది.

"మహాజనులారా..."

"ఒక్క నిమిషమండీ, ఆడవాళ్ళకి రిజర్వైన సీటు కదా ఇది, గెలిచింది ఈ అమ్మగారు," అంటూ ఆ ఆఫీసరు మైకుని రత్నమాణిక్యం గారి ముందుకి జరిపాడు.