వన్స్ మోర్

ఉమ్ అల్ క్వైన్ హోటల్ బారులో రాక్ బ్యాండ్ కాసేపు ఆగగానే, రాజలింగు తన ముందున్న బీరు ముట్టకుండానే లేచి వేదికెక్కాడు. డ్రమ్మర్ నవ్వుతూ పుల్లలు చేతికిచ్చాడు.

రాజలింగు వాయించేసరికి బారంతా ఈలలు వేస్తూ, బల్లలు గుద్దుతూ లేచింది. గిటారిస్టు కూడా అందుకున్నాడు.

లేబర్ క్యాంపులో అతని గదిలోనే ఉండే భూమేశ్ ఒక్కడే బిత్తరపోయి వేదిక దగ్గరికి ఉరికాడు.

"అన్నా, ఈడ చావు డప్పు దెబ్బ కొడుతున్నవేందే? దిగు, యల్లా!"

"మా బాపుకు కొడుతున్న తమ్మీ."

"నీకెవలు చెప్పిండ్రే?"

"పొద్దుగాల మా ఇంటామె ఫోన్ చేసింది. నాకు మెల్లగ చెప్పుమని మొన్ననే నీకు చెప్పిందట గద."

"స్లాబ్ పనైనంక చెప్పుమన్నడే కంపెనీ ముదీర్. నేనేం జేస్తనే?"

"మొన్న చెప్తే పోయి కొరివి పెడుతుంటి. నువ్వేమో ఇయ్యాల బీరు తాపుతనన్నవ్. ఇప్పుడన్న చెప్తవేమోనని వచ్చిన."

రాజలింగు చేతులు ఆగాయి. "వన్స్ మోర్!" అని జనం అరిచారు.

రాజలింగు మళ్లీ పుల్లలెత్తాడు. "పీనుగు ముంగట డప్పుకు ఎగిరేది దోస్తులే గద తమ్మీ. ఎగురు."

భూమేశ్ ఎగిరాడు.