ముందు తాత

అత్తగారితో కోడలికి ఉన్న పేచీ ఒక్కటే. ఆవిడ లోకంలో అందరినీ నమ్ముతుంది, డాక్టర్లని తప్ప.

బస్సులో పక్క సీటావిడ చెప్పిన చిట్కాని నమ్ముతుంది. నూనె డబ్బా మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా నమ్ముతుంది. ఎలర్జీ అంటే మాత్రం మూతి మూడు వంకర్లు తిప్పుతుంది.

"జీడిపప్పు పడకపోవడమేమిటే, విడ్డూరం! మా కాలంలో దొరక్క ఏడ్చాం గానీ, పడక ఏడవలేదు."

కిందటేడు ఎవరింట్లోనో జీడిపప్పు తిని మనవరాలి మొహం బుంగలా ఉబ్బింది. ఊపిరాడక పిల్ల నీలంగా మారితే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.

అయినా ఆవిడ తీర్పు మారలేదు. "ఏదో పురుగు కుట్టి ఉంటుంది."

ఆ మనవరాలిని ఇంట్లో పిచ్చుక అంటారు. తిండి కూడా పిచ్చుక తిన్నంతే. అత్తగారి బెంగంతా అదే.

పిల్లల ఎలర్జీలు వంశంలో ఎలా దిగి వస్తాయో యూనివర్సిటీ ఆస్పత్రిలో పరిశోధన చేస్తున్నారు. పిచ్చుకదీ, అమ్మానాన్నలదీ రక్తం తీసుకున్నారు. నానమ్మది కూడా కావాలన్నారు.

"నాదెందుకు? నేనేం నేరం చేశాననీ?" అని అత్తగారు చేతులు వెనక్కి దాచుకుంది.

పరీక్షల గది బయట, కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఎప్పుడు చూసినా ఉండేవాడు. వెంట పిల్లలెవరూ ఉండరు. ఏది పడదో తెలుసుకోడానికి ముంజేతి మీద మందు చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గరా సన్నగా గుచ్చే పరీక్ష అది. పిల్లలు గుమ్మంలోనే ఏడుపందుకుంటారు. ఆ ఏడుపు వినగానే ఆయన లేచి లోపలికెళ్ళి, చొక్కా చెయ్యి మడిచేవాడు.

"ముందు నాకమ్మా."

నర్సు ఉత్త నీటి చుక్క వేసి గుచ్చేది. "అమ్మో, చచ్చాన్రోయ్!" అని ఆయన కుర్చీలోంచి జారిపడబోయేవాడు. పిల్లలు పకపకా నవ్వి చెయ్యి చాపేవారు.

అందరికీ ఆయన ముందు తాత. పిచ్చుకకి మరీను.

అత్తగారికి మాత్రం అనుమానం. ఒకరోజు మొహం మీదే అడిగేసింది.

"మీకు పిల్లలున్నారా?"

"లేరమ్మా."

అదీ సంగతి అన్నట్టు ఆవిడ కోడలి వంక చూసింది. కోడలు పిల్లని ఆవిడకి అప్పగించి కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

వెనకాల ఛెళ్ళుమని చప్పుడు.

"పిల్ల గౌను గుండీ పెడుతుంటే నా చేతి మీద కొట్టాడే ఈ మనిషి!"

హాలంతా మూగింది. గార్డు వచ్చాడు. "ఏం పెద్దాయనా, నిజమేనా?"

ఆయన అత్తగారి కళ్ళలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది.

"నిజమే బాబూ. కొట్టాను."

"ఎందుకూ?"

ఆయన వంగి, కుర్చీ కింద దేన్నో ఏరి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

"పిల్లని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండమ్మా" అన్నాడు మెల్లగా.

"విన్నావా? కొట్టిందిగాక, నా చేతులు మురికివట!"

కోడలికి ఒళ్ళు మండింది. తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళి ఫిర్యాదు చేసింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు కుళాయి దగ్గర నిలబడి సబ్బుతో చేతులు తోముకుంటోంది. పౌరుషం ఇలా కూడా ఉంటుందా అనుకుంది కోడలు.

తర్వాత పరీక్షకి వెళ్ళినప్పుడు కిటికీ పక్క కుర్చీలో ఎవరిదో సంచి ఉంది.

"ముందు తాత ఏడీ?" అంది పిచ్చుక.

నర్సు పిల్ల తల నిమిరి, పెద్దవాళ్ళకి మాత్రం వినపడేలా చెప్పింది. "పోయారండీ. గుండెపోటు. లోపలికి రావద్దన్నాక గేటు బయట బెంచీ మీద కూర్చునేవారు. లోపల ఎవరైనా పిల్లలు ఏడుస్తున్నారా అని గార్డుని అడుగుతుండేవారట."



ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. "మీ పాప జన్యువుల్లో ఒక తేడా కనిపించింది. ఇంక జీడిపప్పు పొడి కూడా నోటికి తగలకూడదు. ఈసారి ఆస్పత్రి దాకా తెచ్చే వ్యవధి ఉండకపోవచ్చు."

"అంత గట్టిగా ఎలా చెప్తారమ్మా?" అంది అత్తగారు. వెటకారం లేకుండా ఆవిడ డాక్టర్ని ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఈ తేడా మేం మొదట చూసింది ముందు తాత ఇంట్లోనే. ఆయనకీ ఉంది, కొడుక్కీ ఉంది. ఆయనకి ఏమీ కాలేదు, పిల్లాడికే అయింది. అందుకే పెద్దవాళ్ళ రక్తం కూడా అడుగుతాం."

"పిల్లలు లేరన్నాడే?"

"ఉండేవాడు. మీ పాప ఈడువాడే. సరిగ్గా తినట్లేదని, బలానికని, వాళ్ళావిడ చూడకుండా ఆయనే ఒక జీడిపప్పు పలుకు నోట్లో పెట్టారట. ఆ తర్వాత ఇంట్లో ఆయన్ని పలకరించినవాళ్ళు లేరు."

పరీక్షల గదిలో పిచ్చుక రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని, తాత వస్తేగానీ చాపనంది.

అత్తగారు వెళ్ళి సూది ముందు కుర్చీలో కూర్చుంది. గాజులు మోచేతి దాకా తోసుకుని చెయ్యి చాపింది.

"ముందు నాకమ్మా. పరిశోధనకి రక్తం కూడా తీసుకోండి."

నర్సు చుక్క వేసి గుచ్చింది. "అమ్మో" అనబోయి ఆగింది. కోడలి వైపు తిరగకుండానే ఆవిడ అంది:

"తప్పు నాదేనే అమ్మాయ్, ఆయనది కాదు. ఆ రోజు నా వేళ్ళ మధ్య ఉన్నది గుండీ కాదు, జీడిపప్పు పలుకు."