తలుపు తీసిన హీరోయిన్

"తలుపు తీసింది! చూశారా, తలుపు తీసేసింది!"

మ్యాట్నీ వదిలినప్పటి నుంచీ టీచరమ్మది ఇదే పాట. బస్సులో అంది. మెట్లెక్కుతూ అంది. చెల్లెలి ఇంట్లో సోఫాలో కూలబడి, మంచినీళ్ళు తాగి, గ్లాసు దించి మళ్ళీ అంది.

వెంట వచ్చిన సాహిత్యాభిమానులిద్దరూ తలలూపారు. హోమియో డాక్టరుగారు ఆ నవల చదివి చాలా కాలమైంది. ఎంత కాలమంటే, అసలు చదవనే లేదు. అయినా అభిప్రాయాలకేం కొదవ లేదు.

"నవల్లో హీరో ఎక్కడ, వీడెక్కడ! ఆ ముక్కేమిటండీ? నవల్లో అలాంటి ముక్కుందా?"

"ముక్కు సరే, దిద్దుల సంగతేమిటి?" అంది పక్కింటి బ్యాంకు ఆఫీసరు భార్య. "కష్టాల్లో ఉన్న పిల్ల పూటకో జత మారుస్తుందా? నాకైతే కథ బుర్రకెక్కలేదు. ఆ నీలంరాళ్ళవి ఎక్కడ కొన్నారా అని ఒకటే ధ్యాస."

టీచరమ్మ చెయ్యెత్తింది. ఆవిడ చెయ్యెత్తితే పదో తరగతి పిల్లలే నోరు మూసుకునేవాళ్ళు, వీళ్ళెంత.

"ముక్కులూ దిద్దులూ క్షమిస్తాను. ముగింపు మారిస్తే మాత్రం క్షమించను. అనుమానించి వదిలేసి పోయినవాడు, వానలో తడుస్తూ వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. ఆమె లోపల్నుంచి గడియ పెడుతుంది. అంతే! నవల అక్కడితో ఆగిపోతుంది. 'సమాప్తం' అని కూడా వెయ్యలేదు మహానుభావుడు. ఆ గడియ చప్పుడే సమాప్తం! వీళ్ళేమో తలుపు తీయించి, ఇద్దర్నీ ఏడిపించి, ఆ పైన పాట కూడానా!"

ఊళ్ళో ఆ నవల చదివినవాళ్ళకంటే టీచరమ్మ నోట విన్నవాళ్ళే ఎక్కువ. ఆవిడకది ఉత్త నవల కాదు మరి. వయసులో ఉండగా ఆవిడంటే ప్రాణం పెట్టిన కుర్రాడొకడు ఓ రోజు నోరు జారాడు. తర్వాత లెంపలేసుకున్నాడు. ఎదురుపడి క్షమించమనే ధైర్యం లేక ఆ నవల కొని పంపించాడు. తను చదివిన పాపాన పోలేదు. "ఇది ఇస్తే ఎంత కోపమైనా కరిగిపోతుంది బాబూ" అన్నాడట షాపువాడు, కొనేశాడు. టీచరమ్మ ఒక్క బిగిన చదివింది. కోపం కరగలేదు సరికదా, గడ్డకట్టింది. ఇక అతని మొహం చూడలేదు. మరుసటేడు తనే పెద్దమనసు చేసుకుని, అతనికి తన చెల్లెల్నిచ్చి దగ్గరుండి పెళ్ళి చేసింది. త్యాగమంటే టీచరమ్మదే అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కుర్రాడే ఇప్పుడు బట్టతలతో, కళ్ళజోళ్ళ షాపు ఓనరుగా, మూల కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"కలిస్తే తప్పేముంది వదినగారూ?" అన్నాడు మెల్లగా.

"మీరు నవలలు కొనే రకమే గానీ చదివే రకం కాదు మరిదిగారూ."

అందరూ గొల్లున నవ్వారు. ఆయన మళ్ళీ టీ ఊదుకున్నాడు.

"అక్క చెప్పిందే రైటు" అంది చెల్లెలు బిస్కెట్ల ప్లేటు అందిస్తూ. "సినిమావాళ్ళకి టిక్కెట్లు తెగాలి. నవల ఏమైపోతే వాళ్ళకేం?"

అక్క ఏమన్నా వంతపాడటం చెల్లెలికి అలవాటే. ఊళ్ళో అక్కచెల్లెళ్ళు అలా ఉండాలంటారు.

ఇంతసేపూ నోరు విప్పనిది చెల్లెలి కూతురొక్కతే. ల్యాబ్‌లో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకుందామనుకున్నవాడు ఎవరో చెప్పిన మాట నమ్మి నెల కిందట నానా మాటలూ అనేసి పోయాడు. ఇప్పుడు తప్పు తెలుసుకుని, 'ఈ సాయంత్రం వస్తాను, తలుపు తీస్తే చాలు, తియ్యకపోతే ఇక జన్మలో కనబడను' అని మెసేజి పెట్టాడు. ఆత్మాభిమానమంటే ఏమిటో చూసి నేర్చుకుంటుందనే పెద్దమ్మ ఆ పిల్లని సినిమాకి లాక్కెళ్ళింది. తీరా చూస్తే ఆ హీరోయిన్ తలుపు తీసి కూర్చుంది. ఒళ్ళు మండదూ?

"కొత్తగా వేసిన పుస్తకంలో కూడా తీస్తుందట పెద్దమ్మా" అంది పిల్ల. "మా ల్యాబ్‌లో అమ్మాయి చదివింది."

"అట్ట మీద సినిమా బొమ్మ వేసినవాళ్ళు లోపల మార్చకుండా ఉంటారటే? నా దగ్గరున్నది మొదటి ముద్రణ!"

టీచరమ్మ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. డాక్టరుగారు చప్పట్లు కొట్టారు.

అప్పుడే బెల్లు మోగింది.

ఎవరో అందరికీ తెలుసు. పిల్ల లేచి తలుపు వైపు రెండడుగులు వేసింది.

"ఆగు" అంది టీచరమ్మ. "ఇవాళ తీస్తే రేపు మళ్ళీ అంటాడు. నేను తీశానా? తియ్యలేదు. ఏం తక్కువైంది నాకు?"

మరిదిగారు కప్పు కింద పెట్టేశారు.

పిల్ల తల్లి వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు చెప్పమ్మా. నువ్వు తియ్యమంటే తీస్తాను. నాకతను కావాలమ్మా."

చెల్లెలు అక్క వంక చూసింది. మొగుడి వంక చూసింది. ఏదో అనబోయింది. బెల్లు మళ్ళీ మోగింది.

"పెద్దమ్మ మాట విను తల్లీ" అంది.

మూడోసారి మోగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు దిగిపోయింది. పిల్ల గదిలోకి పరుగెత్తి మంచం మీద బోర్లా పడి బావురుమంది.

"శభాష్! ఇదీ నవలంటే!" అన్నారు డాక్టరుగారు ఇంకో బిస్కెట్ తీసుకుంటూ.

చెల్లెలు ఖాళీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్కకిమ్మని ఆనాడు ఆ కుర్రాడు నమ్మి చేతికిచ్చిన నవల్లోంచి, హీరోయిన్ తలుపు తీసే చివరి అధ్యాయాన్ని చింపి పొయ్యిలో పెట్టి, మిగతాది భద్రంగా తెచ్చి అక్కకిచ్చింది ఈ చెల్లెలే.