ఫెయిలైన ప్రోగ్రాం

"పాసైతే నాది. ఫెయిలైతే నువ్వే తీస్కపో," అన్నాడు బాలకిషన్.

కళ్యాణ్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "గదేంది సేటూ? రెండేండ్లు కూసోని రాసిన ప్రోగ్రాం."

"ఎవరి కంప్యూటర్ మీద రాసినవ్? ఎవరి కరెంటు?"

అశోక్‌నగర్ గల్లీలో బాలకిషన్‌ది జిరాక్స్, డీటీపీ షాపు. చుట్టూ సర్కారు ఉద్యోగాల కోచింగ్ సెంటర్లే. సార్లు పాఠాలు ఫోన్లోనే టైపు చేసి పంపుతారు. హెడ్డింగ్ ముందు ఒక హ్యాష్. లావు అక్షరాల్లో రావాల్సిన మాటకు రెండు పక్కలా స్టార్లు. ఆ గుర్తులన్నీ తీసేసి, పాఠాన్ని పుస్తకం పేజీల్లా తీర్చడం నర్మద పని. ఒక చాప్టర్‌కు ఒక పూట పడుతుంది.

జిరాక్స్ తీసే కళ్యాణ్ అదే పనికి ప్రోగ్రాం రాశాడు. భాషకు ఉన్నట్టే ఆ గుర్తులకూ ఒక వ్యాకరణం తయారుచేశాడు. ఏ గుర్తు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి, దేని లోపల ఏది ఉండొచ్చు. అన్నిటికీ రూల్సే.

బాలకిషన్ తన ఫోన్లోంచి ఒక ఎకానమీ చాప్టర్ ఎక్కించి చూశాడు. కన్ను మూసి తెరిచేలోగా పేజీలు తయారు.

"వారెవ్వా! శనివారం దాంక గిట్లనే నడిస్తే సిటీల ఉన్న షాపులన్నిటికి అమ్ముత. నర్మదా, ఇగ నువ్వు జిరాక్స్ కాడికి పో. ఆ కుర్చీ కళ్యాణ్‌కియ్యి."

నర్మద పదేళ్ల నుంచి కూర్చుంటున్న కుర్చీ అది. ఆమె కదల్లేదు.

"జర నా ఫైలు గూడ తినిపియ్యి తమ్ముడూ. అరుగుతదో లేదో చూద్దాం."

సార్లు పంపిన పాఠంలో తప్పులు దిద్దడం, దిద్దినట్టు గుర్తుగా చివర మూడు ప్లస్‌లు కొట్టడం ఆమె అలవాటు. అలాగే కొట్టి పంపింది.

తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"ఏందిది?" అన్నాడు బాలకిషన్.

"ఎక్కడో స్టార్ తెరిచి మూయనట్టున్నరు సేటూ. దాని జోడీ కోసం చివరి దాంక పోయి, దొరకక మళ్ల మొదటికొస్తున్నది."

"అయ్యో పాపం," అంది నర్మద. "ఎవరన్న మంచి సంబంధం చూడున్రి."

మరునాడు కళ్యాణ్ రూల్స్ సరిచేశానన్నాడు. నర్మద హిస్టరీ చాప్టర్ పంపింది. ఆగిపోయింది. ఆ మరునాడు జాగ్రఫీ. అదీ అంతే.

"చాయ్ తాగొస్త తమ్ముడూ. నేనొచ్చేలోపల ఒక్క పేజీ అన్న ఈనుతదా?"

"నవ్వకక్కా," అన్నాడు కళ్యాణ్ తల పట్టుకుని.

శుక్రవారం పాలిటీ సారు కనకయ్య పరుగున వచ్చాడు. సాయంత్రమే టెస్టు. పేపర్ ఇంకా ఫోన్లోనే ఉంది.

"పరేషాన్ గాకున్రి సార్. మిషన్ పెట్టినం," అన్నాడు బాలకిషన్ దర్జాగా.

నర్మద తప్పులు దిద్ది ఫైలు పంపింది. చక్రం తిరిగింది. కనకయ్య గడియారం చూశాడు. చక్రం ఇంకా తిరుగుతోంది.

"నర్మదమ్మా, నువ్వే జేసియ్యి తల్లీ! దీన్ని నమ్ముకుంటే మా పోరలు వచ్చే నోటిఫికేషన్‌కు రాస్తరు ఈ టెస్టు."

కౌంటర్ దగ్గరున్నవాళ్లంతా పకపకా నవ్వారు. నర్మద వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. టెస్టు టైముకు కనకయ్య పేపర్లతో బయటపడ్డాడు.

బాలకిషన్ మొహం కందగడ్డయింది.

"ఏయ్ కళ్యాణ్! నీ బొమ్మను పెన్‌డ్రైవ్‌ల ఏస్కొని నడువ్. నా కంప్యూటర్లకెళ్లి మొత్తం తుడిచెయ్. అందరు ఇనున్రి, ఇది వీనిదే! నాకు దీని మీద ఏ హక్కు లేదు, నాకొద్దు!"

కళ్యాణ్ కంప్యూటర్లోంచి ప్రోగ్రాం తుడిచేశాడు. తల వంచుకుని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

చీకటి పడ్డాక చిక్కడపల్లి లైబ్రరీ పక్కన చాయ్ బండి దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. నర్మద వచ్చి పక్కనే బెంచీ మీద కూలబడింది.

"సేటు కోపం తగ్గిందా అక్కా?"

"నా మీదెందుకు కోపం? కుర్చీకి కొత్త దిండు కొనిస్తనన్నడు."

ఆమె పర్సులోంచి ఒక తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

"నారాయణగూడల మన కొత్త షాపు షట్టర్‌ది. సోమవారం తెరుద్దాం గని, ముందుగాల ఆ 'మూడు ప్లస్‌లు కనబడంగనే ఆగిపో' అని రాసిన రూలు తీసెయ్ తమ్ముడూ."