పట్టుకున్నాడు

“‘పట్టుకున్నాడు’ అంటే ఏమిటండీ?” అని అడిగారు పెద్ద జడ్జిగారు.

అనువాదకుడు బోనులో నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన్ని ఏ జడ్జీ మాట అర్థం అడగడానికి పైకి పిలవలేదు. కింది కోర్టులకూ పై కోర్టుకూ సాక్ష్యాలు మార్చి రాసే ఆయన గది మెట్ల కింద, రికార్డుల బీరువాల వెనక. ఎవరికైనా కాగితం కావాలంటే కిందికే వచ్చేవాళ్లు.

దేవుణ్ణి తిట్టాడన్న పుకారు మీద ఒక వడ్రంగిని నడివీధిలో గుంపు కొట్టి చంపిన కేసు అది. తొమ్మిది మందికి యావజ్జీవం పడింది. తొమ్మిది మందీ అప్పీలు చేసుకున్నారు. మిగతా ఎనిమిది మంది మాటెలా ఉన్నా, నాలుగో ముద్దాయి తరఫు లాయరమ్మ మాత్రం పొద్దుటి నుంచీ ఈ ఒక్క మాట దగ్గరే కూర్చుంది.

“సాక్షి సైకిల్ షాపు తాత కిందటేడు కాలం చేశాడయ్యా. మళ్లీ పిలిచి అడగలేం. ఆయన చెప్పింది ఇంతే” అంటూ కాగితం పైకెత్తి చదివింది. “‘నాలుగో ముద్దాయి వడ్రంగిని వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. దెబ్బలు పడుతున్నా వదల్లేదు.’ కింది కోర్టు కోసం దీన్ని ఈయన ‘కదలకుండా అదిమి పట్టాడు’ అని కోర్టు భాషలోకి మార్చారు. మన మాట రాని ఆ జడ్జిగారు అది చూసే శిక్ష వేశారు. కొట్టించడానికే పట్టుకోవాలా అయ్యా? అడ్డం పడడానికి పట్టుకోకూడదా? నా కక్షిదారు వీపు మీద ఆరు కర్ర దెబ్బలున్నాయని డాక్టరు రాశాడు.”

జడ్జిగారు అనువాదకుడి వైపు తిరిగారు. “అదిమి పట్టాడని మీకెలా తెలిసింది?”

“తెలియదండీ.”

“మరెందుకు రాశారు?”

పని ఒత్తిడి అనొచ్చు. చేతిరాత సరిగా కనిపించలేదనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆఖరి వరసలో వడ్రంగి భార్య కూర్చుని ఉంది. ఆమెకు రెండు కుర్చీల అవతల బెయిలు మీద ఉన్న నాలుగో ముద్దాయి, వాళ్లమ్మ.

“ఆ గుంపంతా మా మతంవాళ్లేనయ్యా” అన్నాడు ఆయన. “ఆ రోజుల్లో ప్రార్థనకి కూర్చుంటే నాకు మాట పెగిలేది కాదు. సిగ్గు. ఆ తొమ్మిది మందిలో ఒక్కడైనా మంచి కోసం చెయ్యి చాపి ఉంటాడని నాకు తోచనే లేదు. నేను వేరు, వీళ్లు వేరు అని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట రాశాను. దానివల్ల ఒక మనిషి నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు.”

జడ్జిగారు ఏదో రాసుకుని తలెత్తారు.

“ఇంతకీ అసలు అర్థం ఏదంటారు?”

“రెండూ అవుతాయండీ. కొట్టేవాడూ పట్టుకుంటాడు, కాపాడేవాడూ పట్టుకుంటాడు.”

భోజన విరామం తర్వాత తీర్పు చెప్పేశారు. ఎనిమిది అప్పీళ్లు కొట్టేశారు. నాలుగో ముద్దాయి మీద నేరం నిస్సందేహంగా రుజువు కాలేదని చెప్పి అతన్ని వదిలేశారు.

వరండాలో తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. వడ్రంగి భార్య గబగబా వాళ్ల వైపు నడవడం చూసి, ఏం గొడవవుతుందోనని అనువాదకుడు రెండడుగులు ముందుకేశాడు.

ఆమె గొడవ పడలేదు. నాలుగో ముద్దాయి ఎదురుగా నిలబడి చేతులు జోడించింది.

“బాబూ, మా ఆయన చుట్టూ చంపేవాళ్లే ఉన్నారనుకున్నాను ఇన్నాళ్లూ. దిక్కులేకుండా పోయాడనుకుని కుమిలిపోయాను. నువ్వొకడివి ఆయన్ని పొదివి పట్టుకున్నావని తెలిసుంటే, జైలుకే వచ్చి చూసేదాన్ని నాయనా.”

అతను తలెత్తలేదు.

“నేను మొదట్నుంచీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానమ్మా, ఎవరు విన్నారు?” అంది తల్లి. వడ్రంగి భార్య ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి ఇచ్చింది.

అనువాదకుడు మెట్లు దిగి తన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద సగం మార్చిన సాక్ష్యం ఒకటి ఉంది. కలం తీశాడు గానీ, ఒక్క మాట రాయడానికి ధైర్యం చాలలేదు.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నాలుగో ముద్దాయి.

ఆయన లేచి నిలబడ్డాడు. “బాబూ, నిన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. నేను రాసిన మాట నీ నాలుగేళ్లు మింగేసింది.”

అతను వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. “అమ్మ దిగి రావట్లేదు కదా సార్?”

“లేదు. పైనే ఉంది, ఆవిడతో మాట్లాడుతోంది.”

అయినా అతను లోపలికి వచ్చి తలుపు దగ్గరకి వేశాడు. బీరువాకు ఆనుకుని నిలబడ్డాడు.

“హాల్లో లేచి చెబుదామనుకున్నాను సార్. అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ దణ్ణం పెట్టినప్పుడైనా చెప్పాల్సింది, నోరు రాలేదు.”

“ఏం చెప్పాలి?”

“ఆ వడ్రంగి పక్క సందులోకి దూరిపోబోయాడు సార్. ఇంకో రెండడుగులేస్తే బతికిపోయేవాడు. నా వీపు మీద పడ్డవి గురి తప్పిన దెబ్బలే. మీరు మొదట రాసిందే కరెక్టు.”