వచ్చిన పని

"మావయ్యా, కాళ్లు పట్టుకుంటా, ఇప్పుడే నోరు విప్పకు!" గుమ్మం బయటే అడ్డం నిలబడింది ఫ్రెమా.

"నేనెందుకు విప్పుతానే? మీ అమ్మ మంచినీళ్లిచ్చి, ఏం పని మీద వచ్చారని అడిగేదాకా నేను మూగవాణ్ణే," అన్నాడు ఒపోకు. ఫ్రెమా తల్లి డుఫీకి ఆయన అన్న, ఆ వంశానికి పెద్ద. వెనక ఇద్దరు ముసలాళ్లు తలలొంచుకుని నిలబడ్డారు. ఒకాయన చంకలో, కబురు చెప్పాక నేలమీద ధార పోయడానికి గుడ్డ చుట్టి తెచ్చిన జిన్ సీసా ఉంది. "కానీ అడిగిందంటే మాత్రం ఆచారం ప్రకారం దాచడానికి లేదు. అడిగినా చెప్పలేదంటే రేపు కుమాసీ ఊళ్లో నా మొహం ఎవడూ చూడడు."

"అడిగేలోపు అమ్మచేత రెండు మాత్రలు ఎక్కువ మింగిస్తాను. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ల మీదే బతుకుతోంది కదా. డాక్టరేం చెప్పాడో మరిచావా? కష్టమొస్తే మామూలు మనుషుల్ని వాళ్ల ఒళ్లే కాచుకుంటుందట. ఈవిడ ఒంట్లో ఆ సత్తువ ఊరడం మానేసింది. పెద్ద దుఃఖం తగిలేముందు మందు పెంచకపోతే నిలువునా కూలిపోతుంది!"

"అయితే త్వరగా కానీ. వార్త నా గొంతులో ముల్లులా గుచ్చుతోంది."

అది ఫ్రెమా గొంతులోనూ గుచ్చుతోంది. టెచిమాన్ దారిలో లారీ బోల్తాపడి అన్న ఒడూరో పోయాడు. తెల్లవారుతూనే ఫోనొచ్చింది. అప్పట్నుంచీ ఏడుపు దిగమింగుకుని కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. పెద్దలొచ్చి చెప్పేదాకా ఎవరూ ఏడవకూడదు.

"ఎవరే అక్కడ, ఆ గుసగుసలేమిటి? లోపలికి రానీ వాళ్లని!" లోపల్నించి కేకేసింది డుఫీ.

తానే నీళ్లు తెచ్చింది. ముగ్గురూ తాగి గ్లాసులు కింద పెట్టారు. ఇక అడగడమే తరువాయి.

"ఈసారి కోకో కాపు ఎలా ఉందన్నయ్యా?" అంది డుఫీ.

ఒపోకు తెల్లబోయాడు. "కాపా? పర్లేదు."

"కాయలకి నల్ల తెగులు తగిలిందన్నారే?"

"ఆ... తగిలింది."

హమ్మయ్య అనుకుంటూ ఫ్రెమా వంటింట్లోకి పరిగెత్తింది. రెండు మాత్రలు చెంచాతో నలిపి, మొక్కజొన్న గంజిలో కలిపి, పైన పంచదార దండిగా పోసి పట్టుకొచ్చింది.

"అమ్మా, ఇది తాగు. పొద్దున్నుంచీ ఏం తినలేదు."

"నాకొద్దు. మావయ్యకివ్వు. చూడు, మొహం ఎలా పీక్కుపోయిందో."

"నాకా? నాకు పన్ను నొప్పి," అన్నాడు ఒపోకు కంగారుగా.

"గంజి నమిలేదేముంది? తాగన్నయ్యా!"

చెల్లెలు అలా గద్దించేసరికి ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఏం, చేదుగా ఉందా?"

"అబ్బే, అమృతం!"

ముసలాళ్లిద్దరూ ఇంటికప్పుకేసి చూశారు. ఫ్రెమా గిన్నె లాగేసుకుంది. "పోనీ అమ్మా, ఇవాళ ఇంకో మాత్ర వేసుకోరాదూ?"

"అవేమన్నా వేరుశనక్కాయలా, గుప్పెళ్లతో మెక్కడానికి?"

డుఫీ మాటల ప్రవాహం ఆగలేదు. పక్కింటివాళ్ల మేక తన బెండమొక్కలు తినేసిన సంగతి చెప్పింది. చర్చిలో పాటలు పాడేవాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్న సంగతి చెప్పింది. ముసలాళ్లలో ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన సీసాని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. ఎవరి కాళ్లూ కుదురుగా లేవు.

ఆమె మాత్రం అడగదే! ఆ ఇంట్లో నీళ్లు తాగిన ఏ మనిషినీ వచ్చిన పని అడక్కుండా కూర్చోబెట్టింది లేదు. ముందు బతికిపోయాం అనుకున్న ఫ్రెమాకి ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. కొంపదీసి అమ్మకి మతి తప్పుతోందా? మందు చాలకపోతే ముందు మాట తడబడుతుందనీ చెప్పాడుగా డాక్టరు!

"డుఫీ, మేం నీళ్లు తాగాం," అన్నాడు ఒపోకు ఉండబట్టలేక.

"చూశాను. ఇంకాసిని తెమ్మంటావా?"

"తాగాం అంటున్నాను కదమ్మా!"

"కాస్త ఓపిక పట్టన్నయ్యా. చిన్నప్పట్నుంచీ నీకన్నీ తొందరే."

ఫ్రెమా వల్ల కాలేదు. మాత్రల డబ్బా తెచ్చి, రెండు అరచేతిలో ఒంపుకుని తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, నీకు దండం పెడతాను, ఈ రెండూ మింగు. ఎందుకని అడక్కు!"

డుఫీ కూతురి గుప్పిట మూసింది.

"ఎప్పుడో మింగానే పిచ్చిదానా. ఎప్పుడూ అందర్నీ ఆటపట్టించే మీ మావయ్య, సీసాతో పెద్దల్ని వెంటబెట్టుకుని, దారిన పోయే ఒక్కరినైనా వెక్కిరించకుండా సందులోకి తిరగడం కిటికీలోంచి చూశాను. అప్పుడే వేసుకున్నాను. అవి ఒంటికి పట్టేదాకా ఏదో ఒకటి వాగుతూ కూర్చున్నాను."

నడుముకి చుట్టుకున్న గుడ్డ బిగించి కట్టుకుని, అన్నవైపు తిరిగింది.

"ఇప్పుడడుగుతున్నానన్నయ్యా. నా పిల్లల్లో ఎవరు?"